చదరపు మైళ్ళూ, తలల లెక్కా

రాయలసీమ వెనుకబాటుతనం మీద ఏ వ్యాసం తిరగేసినా, ఏ సాహిత్య సభలో కరపత్రం చేతికొచ్చినా మొదటి పేజీలోనే ఒక పట్టిక కనిపిస్తుంది. మా విస్తీర్ణం ఇంత, మా జనాభా ఇంత, కోస్తాది ఇంత. ఆ కింద "కనుక" అనే మాట. అంకెల మీద నాకు పేచీ లేదు. పేచీ ఆ "కనుక"తోనే. అంకెకూ తీర్మానానికీ మధ్య ఉండవలసిన చరిత్రంతా ఆ ఒక్క మాటలో మాయమైపోతోంది. మదనపల్లెలో కూర్చుని, పుంగనూరు, కుప్పం సభలకు పోయి వస్తూ ఈ పట్టికను నేను చాలాసార్లే విన్నాను. దాన్ని కూడా ఒక రచనగా తీసుకుని విమర్శించడం అవసరమనిపించింది.

ముందు పట్టికనే చదువుదాం. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత అనంతపురం జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు, జనం 40.81 లక్షలు. పాత పశ్చిమ గోదావరి విస్తీర్ణం 7,742 చదరపు కిలోమీటర్లు, జనం 39.37 లక్షలు. జనం దాదాపు సమానం, నేల రెండున్నర రెట్లు. చదరపు కిలోమీటరుకు ఒకచోట 213 మంది, ఇంకోచోట 508 మంది. మన ప్రాంతం ఎరగని వాడెవడైనా ఈ రెండు వరుసలు చూస్తే, తలకు ఎక్కువ నేల దక్కింది గనుక అనంతపురం వాళ్ళే అదృష్టవంతులని అనుకోడా? పట్టిక చెబుతున్నది అదే కదా! మనం అలా అనుకోకపోవడానికి కారణం పట్టికలో లేదు, మన అనుభవంలో ఉంది. వ్యాసకర్త ఆ అనుభవాన్ని పాఠకుడి దగ్గర అప్పు తెచ్చుకుని, దాన్ని అంకె ఖాతాలో జమ వేస్తున్నాడు.

జనసాంద్రత ఒక ఫలితం. దాన్ని కారణంగా చూపడమే మొదటి పొరపాటు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో లేచింది. ఆ తర్వాత నూట డెబ్భై ఏళ్ళుగా జనం నీటి వెంట చేరారు, నీరు జనాన్ని నిలబెట్టింది. ఇటు 1876-78 కరువు సీమ పల్లెలను ఊడ్చేసింది. కె.సి. కెనాలు లాంటి ఒకటి రెండు కాలువలు తప్ప పెద్ద పనులేవీ ఆ శతాబ్దంలో ఇటు రాలేదు. కాబట్టి 213, 508 అనే రెండు అంకెలు రెండు ప్రాంతాల స్వభావాలు కావు. వలస ప్రభుత్వం తన శిస్తు ఎక్కడ గ్యారంటీగా వస్తుందో అక్కడ పెట్టుబడి పెట్టింది, ఎక్కడ రాదో అక్కడ పెట్టలేదు. ఆ పెట్టుబడి విధానం మిగిల్చిన గుర్తులవి. అసమాభివృద్ధి అంటే ఇదే. దాన్ని ప్రాంతపు జాతకంలా రాసేవాళ్ళు, కోస్తా వాళ్ళయినా సీమ వాళ్ళయినా, పాలకవర్గాల పనిని ప్రకృతి మీదికి నెట్టేస్తున్నారు.

ఇంకో తమాషా గమనించాలి. నీళ్ళు అడిగేటప్పుడు సీమ వాదులు విస్తీర్ణం ముందు పెడతారు. సీట్లు పంచేటప్పుడు అవతలివాళ్ళు జనాభా ముందు పెడతారు. నాలుగు పాత జిల్లాల సీమలో నేల సుమారు 67 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ విడిపోయాక మిగిలిన రాష్ట్రంలో అది నూటికి నలభై పాళ్ళకు పైనే. జనం 1.52 కోట్లు, అంటే నూటికి ముప్ఫై చిల్లర. శాసనసభలో 175కు 52 స్థానాలు, అంటే నూటికి ముప్ఫైకి ఒక వెంట్రుకవాసి తక్కువ. 2008 పునర్విభజనకు 2001 లెక్కలు ఆధారం గనుక అనంతపురానికి 14, పశ్చిమ గోదావరికి 15 దక్కాయి. ఆ తర్వాత పదేళ్ళ లెక్కల్లో అనంతపురం జనం పశ్చిమ గోదావరిని దాటింది, సీట్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. అనంతపురంలో ఒక్కో శాసనసభ్యుడి కింద సగటున 1,366 చదరపు కిలోమీటర్లు, పశ్చిమ గోదావరిలో 516. తన ఎమ్మెల్యేను కలవాలన్నా, తహసీలు ఆఫీసుకు పోవాలన్నా, కాన్పు నొప్పులతో ఆస్పత్రికి చేరాలన్నా మా మనిషి నడిచే దూరం వేరు. ఆ దూరాన్ని కొలిచే నిలువు వరుస ఏ పట్టికలోనూ లేదు.

1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్ళు నీళ్ళ నిబంధనా, రాజధాని - హైకోర్టుల నిబంధనా చెప్పి ఆగిపోతారు. శాసనసభ స్థానాల గురించి కూడా అందులో ఒక మాట ఉంది. సాధారణ స్థానాలను జిల్లాల ప్రాతిపదికన సమానంగా పంచాలన్నారు. విస్తీర్ణం కాదు, జనాభా కాదు, జిల్లా! ఇది నాకు చాలా విలువైన ఆలోచనగా కనిపిస్తుంది. ఒడంబడిక మీద సంతకాలు పెట్టినవాళ్ళు గొప్ప విప్లవకారులేమీ కారు, కాంగ్రెసు పెద్దమనుషులు. అయినా బలమైనవాడూ బలహీనుడూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలంటే తలల లెక్క ఒక్కటే చాలదని వాళ్ళకు తట్టింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ఆ నిబంధన కాగితం దాటలేదు. రాజ్యాంగం శాసనసభ స్థానాలకు జనాభానే కొలతగా పెట్టింది. నీళ్ళ నిబంధన అమలు కాలేదని ఏటా నవంబరులో సభలు పెట్టేవాళ్ళలో ఈ రెండో మాటను గుర్తు చేసేవాళ్ళు నాకు అరుదుగా తగిలారు.

ఇప్పుడు మా పడమటి మండలాలకు వద్దాం. సీమ అంతా ఒకే ముద్ద అనుకునేవాళ్ళకు మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ చాలు కనువిప్పు కలగడానికి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా పుట్టినప్పుడు దాన్ని రెండు పాత బట్టలు కలిపి కుట్టారు. మదనపల్లె కడప నుంచి వచ్చింది. అంటే 1800లో నిజాం కుంపిణీకి ఇచ్చేసిన దత్తమండలాల్లోని తునక అది. పుంగనూరు, కుప్పం ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చాయి. ఒకటి పుంగనూరు జమీను, ఇంకోటి కంగుంది జమీను. ఒకచోట రైతు సర్కారుకు శిస్తు కట్టాడు, ఇంకోచోట జమీందారుకు కట్టాడు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా ఈ తేడా బతికే ఉంది. ఒకే జిల్లా, ఒకే సగటు వానా చూపించే పట్టికకు ఇవేమీ పట్టవు. 2011 లెక్కల్లో చిత్తూరు జిల్లా సాంద్రత 275, సీమ జిల్లాల్లో అదే ఎక్కువ. తిరుపతి పట్నాన్ని కలుపుకుని తీసిన సగటు అది. మొగిలి కనుమ ఎక్కి పైకొస్తే నేల వేరు, గాలి వేరు, మాట కూడా వేరే. కనుమ కింద కురిసే ఈశాన్యపు వానను చూసి కనుమ మీద పల్లె దాహాన్ని లెక్కగట్టడం గుమాస్తాలకు సుఖంగానే ఉంటుంది.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలను 26 చేసినప్పుడు ఈ పటంతో ఇంకో ఆట ఆడారు. పార్లమెంటు నియోజకవర్గమే కొలత అన్నారు. అంటే జనాభాయే. దాని ప్రకారం మదనపల్లెను రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లాలో వేశారు. అదే రాజంపేట పార్లమెంటు స్థానంలోని పుంగనూరును మాత్రం చిత్తూరులోనే ఉంచారు. సూత్రం మదనపల్లెకు వర్తించి పుంగనూరుకు ఎందుకు వర్తించలేదని అడిగితే, పాలనా సౌలభ్యమన్నది జవాబు. సౌలభ్యం ఎవరికని మాత్రం అడగకూడదు! 2011లోనే లక్షా ముప్ఫై వేలు దాటిన మదనపల్లె పట్నం జిల్లా కేంద్రం కావాలని రోడ్డెక్కింది. 2025లో ప్రభుత్వం మళ్ళీ ఆ గీతల మీద చెయ్యి పెట్టింది, మదనపల్లె కోరిక అధికారుల నోట వినిపించింది. గీతలు ఎటు కదిలినా అవి నేలనూ జనాన్నీ కొలిచి గీసినవన్న నమ్మకం మాత్రం నాకు లేదు.

కుప్పం ఇంకా చిత్రమైన ఉదాహరణ. 1989 నుంచి అక్కడి శాసనసభ్యుడు చంద్రబాబునాయుడు. ఆయన ఆ కాలంలో చాలా ఏళ్ళు ముఖ్యమంత్రిగా ఉన్నారు, ఉన్నారు కూడా. స్థానాల సంఖ్యే ప్రాంతం బలమైతే, రాష్ట్రాధినేతనే పంపిన ఊరికి మించిన బలం ఏ ఊరికుంది? అయినా శ్రీశైలం వెనక జలాల నుంచి ఎత్తిపోసిన హంద్రీ-నీవా నీళ్ళు ఏడువందల కిలోమీటర్ల పైన దారి నడిచి కుప్పం కాలువలో చివరిదాకా చేరిన సంబరం 2025 ఆగస్టులో జరిగింది. అప్పటిదాకా కుప్పం పిల్లలు బెంగుళూరు రైలెక్కుతూనే ఉన్నారు. వ్యక్తి పీఠం ఎక్కడం వేరు, ప్రాంతం లేవడం వేరు. ఈ తేడాను మన సీమ ఉద్యమ సాహిత్యం కూడా సరిగ్గా పట్టించుకోలేదు. ఏడుగురు ముఖ్యమంత్రులు మావాళ్ళేనని ఒక నోటితో, మేం దగాపడ్డామని ఇంకో నోటితో అంటూ రెండింటికీ పొత్తు కుదరక తికమకపడుతోంది. వర్గదృష్టి ఉన్నవాడికి ఈ తికమక అక్కర్లేదు. పీఠమెక్కిన వర్గానికి ప్రాంతం ఒక నిచ్చెన, అంతే.

బెంగుళూరు రైలు మాట వచ్చింది గనుక అసలు విషయం దగ్గరికి వస్తాను. జనాభా అనే అంకె ఎలా తయారవుతుంది? లెక్కల గుమాస్తా ఇంటికి వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాడే లెక్క. పాత ఉత్తర ఆర్కాటు మనుషులు కోలారు బంగారు గనుల్లో తరాల తరబడి దిగారు. 2001లో గనులు మూతబడ్డాక బెంగుళూరు కట్టడాలకు చేరారు. మదనపల్లె, పుంగనూరు పల్లెల నుంచి, పక్కన రాయచోటి నుంచి ఆడవాళ్ళు కువైట్ ఇళ్ళలో వంటకూ ఊడ్పుకూ పోతారు, మగవాళ్ళు డ్రైవర్లుగా పోతారు. వీళ్ళెవరూ ఈ ప్రాంతపు తలల లెక్కలో లేరు. బతుకు లేక ఊరు వదిలినవాడు, ఆ ఊరికి నీళ్ళు కావాలని వాదించే అంకెలోంచి కూడా జారిపోతాడు. ప్రాంతం ఎంత ఎండితే అంత జనం తగ్గుతారు, జనం తగ్గినకొద్దీ వాటా తగ్గుతుంది, వాటా తగ్గితే ఇంకా ఎండుతుంది. జనాభా కొలతలో ఉన్న అన్యాయం ఇదే. దీన్ని చూపించకుండా విస్తీర్ణం చూపించి వాపోవడం వల్ల లాభం లేదు.

కువైట్ పేరు ఎత్తినప్పుడు ఒక పోలిక నన్ను వదలదు. ఆ దేశం విస్తీర్ణం 17,818 చదరపు కిలోమీటర్లు. మన పాత అనంతపురం జిల్లా దానికంటే పెద్దది. అక్కడి జనం ఇప్పుడు నలభై లక్షలు దాటింది, ఇక్కడా అంతే. నేలా తలలూ చూస్తే కవల పిల్లలు! ఆ నలభై లక్షల పైచిలుకు మందిలో సుమారు మూడింట రెండొంతులు పరాయి దేశాల కూలీలూ ఉద్యోగులూ. వాళ్ళలో మనవాళ్ళున్నారు. వైశాల్యం, జనాభా అనే రెండు కొలతలతో దేశాలను పోల్చేవాడు చివరికి ఏం తెలుసుకుంటాడు? నేల కింద ఏముంది, అది ఎవరి చేతిలో ఉంది, ఎవరి చెమట ఎవరి ఖజానాకు చేరుతోంది - ఈ మూడు ప్రశ్నలూ వదిలేస్తే అన్నీ కవలలే. కేరళ 38,863 చదరపు కిలోమీటర్లు, 2011లో 3.34 కోట్ల మంది. సీమ కంటే నేల సగం చిల్లర, జనం రెండింతల పైన. అయినా చదువులో, వైద్యంలో ఎవరు ఎవరికి పాఠం చెప్పాలో అందరికీ తెలుసు. కేరళకు ఆ స్థితి ఆకాశం నుంచి ఊడిపడలేదు. అక్కడి భూసంస్కరణల వెనకా బడుల వెనకా ఉద్యమాలున్నాయి.

సాహిత్య విమర్శకుడికి ఈ లెక్కలతో పనేమిటని కొందరు అడగవచ్చు. పని ఉంది. మన సాహిత్య చరిత్రలు కూడా ఇదే పట్టికతో నడుస్తున్నాయి. సంకలనం వస్తే చాలు, ఏ ప్రాంతం నుంచి ఎందరు కథకులని లెక్క. కృష్ణా జిల్లాకు ఇన్ని, చిత్తూరుకు ఇన్ని. జనాభా దామాషా కుదిరిందా లేదా అని పంచాయతీ. ఈ గొడవకు ఒక శాస్త్రీయ పునాది వేయడానికి ప్రయత్నించినవారు మా మదనపల్లెకే చెందిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారు. బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ తెలుగు విమర్శకు అంత పరిశ్రమ చేసిన మనిషి. 'కథాశిల్పం'కు 1999లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. రాయలసీమలో ఆధునిక సాహిత్యం మీద ఆయన చివరి రోజుల్లో తెచ్చిన పుస్తకం "ఎందరు?" అనే ప్రశ్నను పక్కకు తోసి "ఎందుకు ఆలస్యం?" అని అడిగింది. కథకుల సంఖ్య తక్కువగా ఉండడాన్ని ప్రతిభ లోపంగా కాక, మధ్యతరగతి ఎదగకపోవడం, చదువు, అచ్చు, సంస్కరణ గాలి అందకపోవడం వంటి సామాజిక కారణాలతో వివరించింది. తర్వాతి పరిశోధకులు పాత పత్రికలు తిరగేసి సీమ కథ పుట్టిన కాలాన్ని ఇంకా వెనక్కి జరిపారు. తేదీ మారినంత మాత్రాన ఆయన అడిగిన ప్రశ్న చెల్లకుండా పోదు.

అయితే నాకు ఒక భిన్నాభిప్రాయం ఉంది. "ఆలస్యం" అన్నప్పుడు గడియారం ఎవరిది? కోస్తా మధ్యతరగతి గడియారమే కదా! ఆ గడియారంతో కొలిస్తే సీమ ఎప్పుడూ వెనకే. వల్లంపాటి వారు కారణాలు వెతకడంలో చూపిన చారిత్రక దృష్టిని, కొలత ఎంచుకోవడంలో అంతగా చూపలేదని నా అభిప్రాయం. ఆయన ఊరే దానికి ఉదాహరణ. మదనపల్లెకు 1915లోనే కళాశాల వచ్చింది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చి, ఫిబ్రవరి చివరి రోజుల్లో తన జనగణమన గీతానికి ఇంగ్లీషు అనువాదం రాసి ఇచ్చాడు. ఆ గీతం మొదటి చరణం కూడా దేశపు ప్రాంతాల జాబితాయే. విస్తీర్ణంతో పనిలేదు, జనాభాతో పనిలేదు, పేర్లు వరుసగా వస్తాయి. తెలుగుకు విడిగా పేరు లేదు, ద్రావిడలో ఒదిగిపోయాం. దాని మీద ఇంతవరకు ఎవరూ సీట్ల తగాదా పెట్టలేదు! అంటే ఆధునికత మదనపల్లెకు ఆలస్యంగా ఏమీ రాలేదు. కొండ కింద కళాశాలకు వచ్చి, ఆ పక్క వేరుశనగ చేనిలోకి దిగలేదు. దూరం కోస్తాకూ సీమకూ మధ్య మాత్రమే కాదు, కళాశాల గోడకూ చేని గట్టుకూ మధ్య కూడా ఉంది. ప్రాంతాన్ని ఒకే కొలమానంగా పెట్టుకున్న సాహిత్య చరిత్రకు ఈ రెండో దూరం కనబడదు.

ఈ రెండో దూరాన్ని కథకులే బాగా పట్టుకున్నారు. మధురాంతకం రాజారాం గారి పల్లెల్లో బడిపంతులూ, చిన్న రైతూ, వాళ్ళ చిన్న చిన్న అవమానాలూ సగటుకు లొంగవు. నామిని 'మిట్టూరోడి కథలు' ఇల్లాలి నోటి మాటకు అచ్చులో చోటు తెచ్చాయి. అయితే వీళ్ళిద్దరూ కనుమ కింది చిత్తూరు వాళ్ళు. నాకు కనిపించినంతలో చిత్తూరు కథ అనగానే పాఠకుడి చెవిలో మోగేది తిరుపతి - చంద్రగిరి వైపు యాస. కుప్పం ఇంట్లో తెలుగూ, సంతలో అరవమూ, బస్సులో కన్నడమూ మాట్లాడే మనిషి నోరు కథలోకి అంత ధారాళంగా రాలేదు. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు ఆ మూడు భాషల మనిషే దాని పాఠ్యపుస్తకం కావలసింది.

ఇక ఢిల్లీ సంగతి. 1976లో 42వ సవరణ లోక్‌సభ స్థానాల పంపకాన్ని 1971 లెక్కల దగ్గర ఆపింది. 2001లో 84వ సవరణ, 2026 తర్వాత తీసే మొదటి జనాభా లెక్కల దాకా దాన్ని పొడిగించింది. ఆ గడువు దగ్గరపడేసరికి దక్షిణాది నాయకులందరికీ జనాభా ఒక్కటే కొలత కావడం అన్యాయమన్న జ్ఞానం కలిగింది. కుటుంబ నియంత్రణ పాటించినందుకు శిక్షా అని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024లో ఎత్తేసింది. తలల లెక్క రాజకీయమని చెప్పడానికి వేరే రుజువు అక్కర్లేదు. 15వ ఆర్థిక సంఘం పన్నుల వాటా పంచేటప్పుడు జనాభాకు నూటికి 15, విస్తీర్ణానికి 15, ఆదాయ అంతరానికి 45 పాళ్ళ విలువ ఇచ్చింది. అంటే ఢిల్లీ గుమాస్తాలకు కూడా పేదరికపు దూరం తలల కంటే మూడు రెట్లు బరువైనదని తెలుసు. మరి ఢిల్లీలో ఈ వాదన చేసే మన నాయకులు అమరావతిలో ఎందుకు చేయరు? లక్నో ముందు ఆంధ్రకు ఏది న్యాయమో, ఏలూరు ముందు అనంతపురానికి, తిరుపతి ముందు కుప్పానికి అదే న్యాయం కావాలి గదా. ఉత్తరాది పెత్తనమని గొంతు చించుకునే సంపాదకీయాలు, శ్రీబాగ్ నాటి స్థానాల నిబంధన మాట ఎత్తితే వేర్పాటువాదమని ముఖం చిట్లిస్తాయి.

సీమ పట్టికలు తయారుచేసే మిత్రులకు నా మనవి ఒకటుంది. విస్తీర్ణం, జనాభా ఉంచండి. పక్కన ఇంకో మూడు వరుసలు గీయండి: ఆ విస్తీర్ణంలో కొండలూ అడవులూ క్వారీలూ పోగా సాగు నేల ఎంత, అది ఎందరి పేరున ఉంది, ఆ జనాభాలోంచి ఊరు వదిలినవాళ్ళు ఎందరు. చివరి వరుస నింపడం కష్టం, సర్కారు లెక్క ఇవ్వదు. రచయితల సంఘాలు శాఖకు ఒక ఊరు చొప్పున తీసుకున్నా కొంత తేలుతుంది. వల్లంపాటి వారి పుస్తకానికి పడమటి మండలాల మీద ఒక అధ్యాయం చేర్చవలసి ఉంది. దానికి కావలసిన సామగ్రి ఊళ్ళలోనే పడి ఉంది: పుంగనూరు, కంగుంది జమీనుల దస్త్రాలు, కువైట్ నుంచి వచ్చిన పాత ఉత్తరాలూ కాసెట్లూ, తెల్లవారకముందే కుప్పం స్టేషన్లో బెంగుళూరు బండి ఎక్కే కూలీల మాటలు. మదనపల్లె, కుప్పం శాఖలు ఈ పని పంచుకుంటే మొదటి విడతలో పుంగనూరు జమీను గ్రామాలతో మొదలుపెట్టవచ్చని నా సూచన.